చిన్న గబ్బిలం మూతి

సముద్రం ఒడ్డున ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో విశ్వపతి అనే జంతుశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. చదువు మెండు, ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినకముందే ఎగతాళి చేసే గుణం అంతకన్నా మెండు. ఆయన జోకు వేస్తే హాలు నవ్వేది. ఆ నవ్వు వినబడితే ఆయనకు ఇంకో జోకు పుట్టేది. ఏం చేస్తాం!

ఆ విభాగంలోనే పుష్యమి అనే అమ్మాయి తేనె తాగే గబ్బిలాల మీద పరిశోధన చేసేది. డాక్టరేటు రావాలంటే ముందు అందరి ఎదుటా సెమినారు ఇచ్చి, థీసిస్‌ను పరిశీలించే కమిటీని ఒప్పించాలి. ఆ రోజు ఆమె దూది పరిచిన పళ్ళెంలో రెండు పుర్రెలు తెచ్చింది. ఒకటి పెద్ద జాతి గబ్బిలానిది, ఒకటి చిన్న జాతిది.

"మూతి పొడుగున్న వాటికే పువ్వు లోపలి తేనె బాగా అందింది. అవే బతికి పిల్లల్ని కన్నాయి. అలా తరతరాలుగా మూతులు సాగుతూ వచ్చాయి. ఈ రెంటిలో ఎక్కువ సాగింది చిన్న గబ్బిలం మూతి," అంది పుష్యమి.

విశ్వపతి చటుక్కున లేచి రెండు పుర్రెల్నీ పక్కపక్కన పట్టుకుని పైకెత్తాడు.

"పెద్దదాని మూతి ఇంత పొడుగ్గా కనబడుతుంటే చిన్నదానిది ఎక్కువంటావేమిటమ్మా? కళ్ళద్దాలు ఇంట్లో మరిచొచ్చావా?" అన్నాడు.

హాలంతా గొల్లుమంది.

"తలతో పోల్చి చూడాలి సార్..." అంటూనే ఉంది పుష్యమి. ఆ నవ్వుల్లో వినేదెవరు? మూతుల మీద రాసిన అధ్యాయం తీసేయమంది కమిటీ. థీసిస్‌కు ప్రాణమే ఆ అధ్యాయం. అది పోతే ఆమె ఇన్నేళ్ళ కష్టం గంగపాలే.

విశ్వపతి అంతటితో ఊరుకున్నాడా? తన గెలుపును పటం కట్టించి గోడకు తగిలించాలనుకున్నాడు. పుర్రెలకు ఫోటోలు తీసి కంప్యూటర్లో పక్కపక్కన పెట్టాడు. చిన్నది మరీ చిన్నగా ఉంది, చూడ్డానికి బాగోలేదు. మెదడుండే గుండ్రటి భాగం రెంటికీ సమానంగా వచ్చేదాకా దాన్ని పెంచాడు. అంతే, చెయ్యి ఆగిపోయింది. చిన్న గబ్బిలం మూతి పెద్దదాని మూతిని దాటి ముందుకొచ్చింది!

కొలిచి చూశాడు. మళ్ళీ అదే. ఆరడుగుల మనిషి ముక్కునీ పసిపాప ముక్కునీ పక్కన పెట్టి, ఎవరిది కోటేరు ముక్కో తేల్చినట్టుంది తాను చేసిన పని. ఏ అవయవాన్నైనా ఒంటి సైజుతో పోల్చే కొలవాలని మొదటేడాది పిల్లలకు తాను చెప్పే పాఠమే ఇది! సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మర్నాడు పుష్యమి వరండాలో ఎదురైంది. పుర్రెల్ని దూదిలో చుట్టి బీరువాలో పెట్టేయడానికి తీసుకెళ్తోంది. విశ్వపతి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

"నీ లెక్కే కరెక్టమ్మా. ఏమీ అనుకోకు," అన్నాడు గొంతు తగ్గించి.

పుష్యమి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నవ్వించింది నలుగురిలో కదా సార్! ఈ మాట మాత్రం నా ఒక్కదానికేనా? వాళ్ళు నన్ను చూసి ఇంకా నవ్వుతూనే ఉన్నారు," అంది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది.

తర్వాతి సెమినారులో విశ్వపతి ఎవరూ పిలవకుండానే లేచాడు. ఆ ఫోటో తెర మీద వేశాడు.

"ఆ రోజు నేను తల చూడకుండా మూతి చూశాను. ఈ అమ్మాయి చెప్పబోతే వినలేదు, మిమ్మల్నీ విననివ్వలేదు. తప్పు నాది. క్షమించమ్మా," అన్నాడు.

"కళ్ళద్దాలు ఇంట్లో మరిచొచ్చారా సార్?" అన్నారెవరో వెనక వరసలోంచి. హాలు మళ్ళీ గొల్లుమంది. తన జోకే! ఆయన తల వంచుకుని, ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. పుష్యమి మాత్రం నవ్వలేదు.

కమిటీ ఆ అధ్యాయాన్ని తిరిగి చేర్చుకోమంది.

నలుగురిలో చేసిన అవమానానికి క్షమాపణ కూడా ఆ నలుగురిలోనే చెప్పుకోవాలి.