నడిచే అరవై, నిండే అరవై

వల్లభరాజుగారికి ఒకనాడు అరిసె కొరుకుతుండగా బెంగ పట్టుకుంది. "నా కొలువు చేసినవాళ్ళు పళ్ళూడాక ఏం తింటారు?"

సగం అరిసె చేతిలో ఉండగానే చట్టం పుట్టింది. కొలువులో ఉన్నవాళ్ళ జీతంలోంచి నెలనెలా కొంత తీసి ఖజానాలో దాచాలి. అరవై ఏళ్ళు రాగానే కొలువు విడవాలి, ఆ ముసలినాటి మూట తీసుకోవాలి. మధ్యలో ఊరు మారేవాళ్ళు మూట తీసిన అరవై రోజుల్లోగా దాన్ని కొత్త ఊరి ఖజానాలో వేసేయాలి. వేయలేదా, కోడిపందేల్లో తగలేస్తున్నారన్నమాటే. మూడో వంతు కోత!

చట్టం రాజుగారిది. కత్తెర మాత్రం కోశాధికారి లక్కనది. నడుముకి తాళాలగుత్తి గలగలలాడించుకుంటూ, "నా లెక్కకి తిరుగులేదు" అని రోజుకి పదిసార్లు అనకపోతే ఆయనకి అన్నం అరగదు. రాజుగారికి తాంబూలం అందించే ముద్దసానికి ఆ గలగల వింటేనే ఒళ్ళు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం మావటి ఓబన్న మూట చంకన పెట్టుకుని సభకి ఏడుస్తూ వచ్చాడు. కొండకోటలో ముప్పై ఏళ్ళు ఏనుగుల్ని మేపి, ఇక చెల్లెలి దగ్గర ఉందామని రాజధానికి చేరినవాడు.

"ఒక్కరోజు ఆలస్యమైందట దొరా! మూటలో మూడో వంతు కోస్తారట!"

"ఎందుకు ఆలస్యం చేశావు?" అన్నారు రాజుగారు.

"నేను పెంచిన ఏనుగు నా వెంటపడింది దొరా. వెనక్కి తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చాను. మళ్ళీ వెంటపడింది. మూడుసార్లు!"

సభ గొల్లున నవ్వింది. లక్కన నవ్వలేదు.

"ఏనుగు వెంటపడినా దోమ వెంటపడినా లెక్క లెక్కే. ఇవాళ అరవై ఒకటో రోజు."

"మూట తీసింది దీపాలు పెట్టేవేళ దొరా. ఇవాళ దీపాలు పెడితేగాని అరవై నిండవు!"

"నిండేదాకా ఆగడానికి ఇదేమైనా నీళ్ళకుండా? తీసిన రోజే ఒకటో రోజు. నడుస్తున్నదే లెక్క!"

ఓబన్న కూలబడిపోయాడు. "అంత పోతే నా చెల్లెలి కంచంలో చెయ్యి పెట్టాల్సిందే. దానికే రెండో పూట లేదు దొరా."

ముద్దసాని చేతిలో తమలపాకు నలిగి ముద్దయిపోయింది. ఇక ఆమె ఆగలేకపోయింది.

"ప్రభూ, నడుస్తున్నదే లెక్క అన్న మాట అందరికీ ఒకటేనా?"

"ఆకులు మడిచే పిల్లవి, అంకెలు నీకెందుకే?" అని కసిరాడు లక్కన.

"ఆకులు కూడా లెక్కపెట్టే మడుస్తామండీ."

రాజుగారికి హుషారొచ్చింది. "చెప్పు లక్కనా, అందరికీ ఒకటేనా?"

"ఒకటే! రాతి మీద చెక్కించండి ప్రభూ!"

ముద్దసాని వినయంగా తల వంచింది. "అయితే లక్కనగారూ, తమకి వయసెంత?"

"యాభై తొమ్మిది."

"మొన్న పుట్టినరోజని లడ్డూలు పంచారు. నాకు అన్నిట్లోకీ చిన్నది ఇచ్చారు, అందుకే మరిచిపోలేదు. ఆ రోజు యాభై తొమ్మిది మొదలైందా, నిండిందా?"

"నిండింది!" అన్నాడు మీసం దువ్వుతూ. అన్నాక, మీసం చివర చెయ్యి ఆగిపోయింది.

"మరి నడుస్తున్నది?"

లక్కన నోరు తెరిచేలోగా వెనక వరసలో ఎవరో "అరవై!" అని అరిచారు. పక్కవాడు అందుకున్నాడు. క్షణంలో సభంతా "అరవై! అరవై!" అని తాళం వేయసాగింది.

"అరవై రాగానే కొలువు విడవాలని చట్టం," అంటూ ముద్దసాని చెయ్యి చాచింది.

"నడిచేదే లెక్కయితే తాళాలు వదలండి. నిండేదే లెక్కయితే మూట వదలండి!"

లక్కన తాళాలగుత్తిని రెండు చేతులతో పొట్టకి హత్తుకున్నాడు.

"నిండేదే! నిండేదే లెక్క! నడిచేదని ఎవడయ్యా అన్నది?"

రాజుగారు నవ్వీ నవ్వీ సింహాసనం మీంచి సగం జారిపోయారు. ఆ జారడంలోనే మెడలోని ముత్యాలహారం తీసి ముద్దసాని చేతిలో పెట్టారు. ఇక లక్కన, ఓబన్న మూటని తానే నెత్తికెత్తుకుని ఖజానా వైపు ఒకటే పరుగు. దీపాలు పెట్టేలోగా వేసేయాలిగా మరి!