ఓబక్కకు తొలి దోసెడు

"కట్టబోయే గవిని మీకు ఎన్నడూ మూయం. పొద్దు పొడిచినన్నాళ్లూ దోన మీది, దారి మీది."

ఇది దొర మాట. చేతిలో తమలపాకు పెట్టుకుని, ఊరందరి ముందూ నిలబడి చెప్పిన మాట. గుర్తుంచుకోండి. దీనితో మళ్లీ పని పడుతుంది.

కూచున్నవాళ్లు ఊఁ కొట్టండి. నిలబడ్డవాళ్లూ ఊఁ కొట్టండి. ఊఁ లేనిదే కథ కొండెక్కదు.

మన తాతలకు వాళ్ల తాతలు చెప్పిన కాలం అది. ఇప్పుడు మనం గవినికొండ అంటున్న ఈ కొండ మీద అప్పుడు కోట లేదు, గవిని అనే ఆ పెద్ద వాకిలీ లేదు. ఒక ఊరుండేది. ఊరంటే బోదగడ్డి కప్పిన గుడిసెలు, కొన్ని మేకలు, బోలెడంత గాలి.

ఆ ఊరికి మూడు సొత్తులు. ఒకటి దోన. బండల నడుమ వాననీళ్లు నిలిచిన మడుగు. నడివేసవిలో చెయ్యి పెడితే జివ్వుమనేది. రెండోది జారుడుబండ. పిల్లలు పైనుంచి జారి సరాసరి దోనలో పడేవాళ్లు. మూడోది రోలుబండ. నేలబండలోనే ఇంటికొక రోలు తొలుచుకున్నారు. ఆడవాళ్లంతా ఒక్కసారి కొర్రలు దంచితే, కింద ఏట్లో వల వేసేవాళ్లకు ఆ చప్పుడు వినబడేది.

ఆ ఊళ్లో పుట్టింది ఓబక్క. కొండగడ్డి కోసి చీపుర్లు కట్టుకునే ఇంటి పిల్ల. అమ్మ దంచుతుంటే రోలు అంచున కూచుని, ఎగిరిపడ్డ గింజలు ఏరి నోట్లో వేసుకునేది.

ఒకనాడు దొర వచ్చాడు. "యుద్ధాలొస్తున్నాయి. కొండ ఇవ్వండి, కోట కడతాను. మీరు కిందికి దిగండి" అన్నాడు. జనం దిగులు పడ్డారు. అప్పుడే తమలపాకు పట్టుకుని ఆ మాట చెప్పాడు. సోమవారం సోమవారం గవిని తెరిచి ఉంటుందన్నాడు. జనం నమ్మి దిగారు.

కోట కట్టిందెవరు? ఆ దిగినవాళ్లే. రాయి మోసింది వాళ్లు. సున్నం నూరింది వాళ్లు. గవిని మీద చెక్కిన పేరు మాత్రం దొరది. కోటలన్నీ అంతే. చేతులు కడతాయి, ఉంగరాలు పేరు చెక్కించుకుంటాయి.

కొన్నాళ్లు మాట నిలిచింది. సోమవారం వస్తే ఊరంతా కొండెక్కేది. పిల్లలు జారేవాళ్లు. ఆడవాళ్లు ఎవరి రోలు దగ్గర వాళ్లు కూచునేవాళ్లు. దంచడానికేమీ లేకపోయినా కూచునేవాళ్లు.

తర్వాత దొరకు భయం పట్టుకుంది. బయటి శత్రువు కోసం గోడ కట్టుకున్నవాడికి, లోపలికొచ్చే సొంత జనం శత్రువుల్లా కనబడ్డారు. ఒక సోమవారం జనం ఎక్కి చూస్తే గవిని మూసి ఉంది.

ఊఁ కొడుతున్నారా? కొట్టండి.

జనం గొణిగారు. గొణుగుడు దొర చెవిన పడింది. మట్టిగొట్టాలు వేయించి దోన నీళ్లు ఊళ్లోకి పారించాడు. ఊరి తొట్టి నిండింది. గొణుగుడు ఆగింది. అక్కడే మనవాళ్లు పొరపాటు పడ్డారు. తాము పోగొట్టుకున్నది నీళ్లే అనుకున్నారు.

ఓబక్క ఒక్కతే అనుకోలేదు. అప్పటికి ఆమెకు తల నెరిసింది. ప్రతి సోమవారం ఉత్త ముంత పట్టుకుని కొండెక్కేది. మూడుసార్లు తలుపు తట్టేది.

"ఓబక్కను వచ్చినా. గవిని తీస్తారా?"

"తీయం."

"అయితే మళ్లీ వస్తా."

పక్కింటి గంగులమ్మకు ఇది పెద్ద వేడుక. "ఏం వదినా, మళ్లీ బయల్దేరినావా? దొర నీకేమన్నా మేనబావా? ఇంటి ముందరే నీళ్లు పారుతుంటే ఆ మోకాళ్లనెందుకు ఏడిపిస్తావు?"

"నీళ్లకు కాదులే గంగీ."

"మరి దేనికి?"

ఓబక్క కొండవైపు చూసేది. "మా అమ్మ రోలు ఎండిందో, వాన నిండిందో. చూసి రావాల" అనేది.

గవిని కావలి దస్తగిరిది. మీసం పెద్దది, మనసు మెత్తనిది. ఒక సోమవారం గోడ మీదనుంచి తాడుతో కడవ దించాడు. "దొర పంపినాడక్కా, తాగు."

"నేను అడిగింది నీళ్లు కాదు నాయనా. దారి" అని ఓబక్క కడవను అట్లాగే పైకి పంపింది.

ఇంకో సోమవారం ఇద్దరు బంట్లు ఆమె గుడిసె ముందు కొత్త రోలు దించారు. నల్లరాయి, నున్నటి చెక్కడం. ఓబక్క దాన్ని తడిమి చూసింది. "బాగుంది. కోళ్లకు నీళ్లు పోసుకుంటా" అంది. ఆ సోమవారమూ కొండెక్కింది.

మూడోసారి దస్తగిరి గోడ మీదనుంచి మాట్లాడలేదు. గవిని పక్కనున్న చిన్న దిడ్డివాకిలి తీసి, గొంతు తగ్గించి పిలిచాడు. "దొర సెలవిచ్చినాడక్కా. రా, తొందరగా రా."

ఓబక్క ముంత చంకన పెట్టుకుంది. ఒక కాలు గడప మీద వేసింది. లోపలినుంచి తడిబండ వాసన వచ్చింది. వాన వెలిశాక చిన్నప్పుడు వచ్చిన వాసనే. దూరాన రోలుబండ కనబడింది. వరసలో చివర, వేపచెట్టు నీడలో, వాళ్లమ్మ రోలు. నిండా వాననీళ్లు. ఒక మైన అంచున వాలి తాగుతోంది.

రెండో కాలు లేపబోయి ఆగింది.

"దస్తగిరీ, నా వెనకొచ్చేవాళ్లకు?"

"నీ ఒక్కదానికేనక్కా. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

ఆమె అక్కడే నిలబడిపోయింది. మైన తాగి ఎగిరిపోయింది. నీడ జరిగింది. దస్తగిరి "అక్కా" అన్నాడు. మళ్లీ "అక్కా" అన్నాడు.

"ఆయన మాటిచ్చింది ఊరికి. నేనొక్కదాన్నే పోయి కూచుంటే అది ఊరెట్లవుతుంది నాయనా?"

"ఒక్క గుక్కన్నా తాగిపో. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా కదా" అని గడప మీదనుంచి కాలు తీసింది. దిగేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగలేనని ఆమెకు తెలుసు.

ఆ వారంలోనే ఓబక్క పోయింది. పక్కన ఉత్త ముంత ఉంది. ఎండి ఉంది.

సోమవారం వచ్చింది. గంగులమ్మ వాకిట్లో నిలబడి చూసింది. బయల్దేరేవాళ్లు లేరు, వెక్కిరించడానికి ఎవరూ లేరు. చప్పున ఓబక్క గుడిసెలోకి పోయి ఆమె ముంత తెచ్చింది.

"యాడికే?" అన్నాడు మొగుడు.

"ఇన్నేళ్లలో మా వదిన ఒక్క సోమవారం తప్పలేదు. ఈ వారం ఆమె మాట ఎవరడగాల?"

ఆమె కొండెక్కుతుంటే ఒక ముసలమ్మ వెంట నడిచింది. ముసలమ్మ వెంట కోడలు, కోడలి వెంట పిల్లలు. మొగవాళ్లు కాసేపు తల గోక్కున్నారు, వాళ్లూ నడిచారు. అందరి చేతుల్లో ఉత్త ముంతలే. గవిని మీద మూడుసార్లు తట్టారు.

"ఓబక్కను వచ్చినా. గవిని తీస్తారా?"

ఊరు ఊరంతా ఒకే గొంతుతో అడిగింది. లోపల దస్తగిరి విన్నాడు. దొర సెలవు లేదు. అతను దొరను అడగలేదు కూడా. గడియ తీశాడు.

దొర అతన్ని కొలువులోంచి తీసేశాడు. ఊరు అతనికి ఇల్లు కట్టింది. గవిని మళ్లీ మూయడానికి మనిషి దొరకలేదు.

ఆరోజు దోన దగ్గర అందరూ వంగారు గానీ ఎవరూ తాగలేదు. గంగులమ్మ దోసిట్లో నీళ్లు పట్టుకుని, వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటే పరుగెత్తి, దిడ్డివాకిలి గడప మీద పోసింది. ఓబక్క కాలు పెట్టి తీసేసిన చోట.

"వదినా, నువ్వు తాగు" అంది.

దొరలు పోయారు. గోడలు కూలాయి. ఆ మాట పోలేదు. ఇవాళ్టికీ కొండెక్కినవాళ్లు తొలి దోసెడు ఆ గడప మీద పోసి, "ఓబక్కా, నువ్వు తాగు" అన్నాకే గొంతు తడుపుకుంటారు. ఇవాళ్టికీ మా ఊళ్లో హక్కున్నది అడగడానికి పోయినవాళ్లు, మీసాలున్న మొగవాళ్లయినా సరే, తలుపు తట్టి "ఓబక్కను వచ్చినా" అంటారు.

ఇంతవరకే అయితే కథ కంచికి పోయేది. పోనివ్వడం లేదు.

నిరుడు టూరిజంవాళ్లు గవిని ముందు పందిరి వేశారు. కొండను అందరికీ చూపిస్తామన్నారు. మైకు పట్టుకుని ఒక పెద్దమనిషి, "ఊరివాళ్లకు ఈ దారి ఎన్నడూ మూయం" అన్నాడు. తమలపాకు ఒక్కటే తక్కువ. తర్వాత ఇనుప తలుపు వచ్చింది, తాళం వచ్చింది. ఆటకొచ్చినవాళ్లకు తీస్తారు, మాకు తీయరు. మాకేమో ఊళ్లోకి కొత్త కుళాయి వచ్చింది.

తాళ్లు పట్టుకుని బండలెక్కే పిల్లల మీద మాకు కోపం లేదు. ఏట్లో పుట్టిపడవ ఎక్కి తిరిగేవాళ్ల మీదా లేదు. రండి, ఎక్కండి, జారండి. మా ముత్తవ్వలు జారిన బండే అది. చరిత్ర ప్రజలది. నడిచేవాడిదే దారి. కానీ దిడ్డివాకిలి గడప ఎండిపోయి ఉంది. ఓబక్క మళ్లీ దాహంతో ఉంది. మా అవ్వ ఎక్కలేని కాళ్లతో అరుగు మీద కూచుని, "మా అమ్మ రోలు నిండిందా?" అని నన్ను అడుగుతోంది. నేను చూసి చెప్పలేకపోతున్నాను.

ఇంతసేపూ ఊఁ కొట్టారు. తాళంచెవి చేతిలో ఉన్నవాళ్లకు ఊఁ చెల్లదు. ఔననండి, కాదనండి. కాదంటే మళ్లీ వస్తాం, ఊరంతా, ఉత్త ముంతలతో.

ఓబక్కలం వచ్చినాం. గవిని తీస్తారా?

జవాబుకు గడువు మార్చి తొమ్మిది, సోమవారం.