పట్టుదారం ఉంగరాలు

“‘రోజంతా ఆకు మేస్తాది, పండుకోను చోటు లేదని ఏడుస్తాది’ అంటా ఉంది నిన్ను ఆ మిడత,” అని దెప్పింది పత్తికాయ.

“అననీలే,” అంది పట్టుపురుగు బుజ్జమ్మ. కొట్లాడే ఓపిక కూడా లేదు దానికి.

ఒకప్పుడు పట్టుదారం పత్తిదారం మాదిరే ఎండకి ఓర్చుకునేది. దారంలో ఎవరుంటారో తెలుసా? కంటికి కనపడనంత బుడ్డోళ్ళు. ఒకడి చెయ్యి ఒకడు పట్టుకుని వరసగా నిలబడతారు. ఎండ వాళ్ళ సందుల్లోంచి దూరిపోయేది.

అదే బుజ్జమ్మ బాధ. గూడు కట్టుకుని పండుకుంటే ఎండ లోపలికొచ్చి ఒళ్ళు కాల్చేది. నిద్ర లేకుంటే రెక్కలు రావు. రెక్కలు రాకుంటే ఆ గూట్లోనే ఎండిపోవాల్సిందే.

“సూరయ్యా, కొంచెం పక్కకి జరగవా?”

“యాడికి జరిగేది తల్లీ? నాకు మాత్రం నిలబడే తీరికుందా?” సూర్యుడూ అలిసే ఉన్నాడు. “నన్ను ఆపాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాల. మీ బుడ్డోళ్ళ చేతులన్నీ పక్కోడి చేతుల్లోనే ఉన్నాయి గదా.”

బుజ్జమ్మ ఆలోచించింది. ఈసారి దారం తీసేటప్పుడు అక్కడక్కడా ఒక బుడ్డోడి భుజానికి ఉంగరం తగిలించింది, ఎండని పట్టుకోడానికి.

“చూసుకో మరి,” అన్నాడు సూర్యుడు. “నన్ను పట్టుకున్నోడు కాలతాడు. కాలినోడు పక్కోడి చెయ్యి వదిలేస్తాడు. ఆడ దారం తెగుతాది.”

“నేను లేచేదాకా పట్టుకుంటే చాల్లే,” అని ఆవలించింది బుజ్జమ్మ.

ఉంగరాలు ఎండని పట్టుకున్నాయి. గూట్లో చీకటి పడింది. బుజ్జమ్మ హాయిగా నిద్రపోయింది. రెక్కలొచ్చాక గూటికి చిల్లు పెట్టుకుని వెళ్ళిపోయింది.

నేతపని చేసే సుబ్బరత్తమ్మకి ఆ ఖాళీ గూడు దొరికింది. దారం వడికి, తడిపి, పత్తినూలు పక్కనే ఎండలో ఆరేసింది. కొన్నాళ్ళకి చూస్తే పట్టు పసుపెక్కింది. మగ్గమెక్కిస్తే పుటుక్కున తెగింది.

“ఏమే, నువ్వు బాగానే ఉన్నావు. దీనికేం రోగం?” అని పత్తినూలుని అడిగింది.

“నాకు ఉంగరాల్లేవమ్మా. ఎండ వస్తాది, పోతాది. అదైతే ఇంకా పట్టుకునే ఉంది.” ఈసారి పత్తి దెప్పలేదు.

సుబ్బరత్తమ్మ మిగిలిన పట్టు తీసి ఇంటి పంచలో, నీడకి ఆరేసింది.

అప్పటినుంచే పట్టు ఎండకి పసుపెక్కి పెళుసైపోతాది, పట్టుచీరల్ని నీడలో ఆరేస్తారు. లోపల పండుకున్నది ఎప్పుడో లేచి వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలీక దారం ఇంకా ఎండని పట్టుకుంటానే ఉంది. దానికి మీలో ఎవరు చెప్తారు?