దేవమణి సైకిలు మీద కొండకెళ్ళిన కథ

అనగనగా నరసాపురం దగ్గర, గోదారి ఒడ్డునే ఒక ఊళ్ళో దేవమణి అని ఒకావిడ ఉండేది బుజ్జమ్మా. లేసు అల్లేది. నలభై ఏళ్ళొచ్చాక సైకిలు నేర్చుకుంది. ఇక దిగితే ఒట్టు!

ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు సుగుణ, మారేడుమిల్లి కొండ మీద నర్సు. ఒకరోజు సుగుణ ఉత్తరం రాసింది. "నాకు చాలా దూరం బదిలీ అయిందే. ఆదివారం పొద్దున్నే కొండ దిగిపోతాను. ఈలోగా ఒక్కసారి రావే. ఈ అడవి నీకు చూపించాలి."

సైకిలు మీదే వస్తున్నానని దేవమణి కబురు పెట్టింది.

అప్పుడు ఇంట్లో సర్దుళ్ళు మొదలయ్యాయి. అమ్మేమో ఆవకాయ జాడీ పెట్టింది. అక్కేమో పాత చీరలతో కుట్టిన బొంత పెట్టింది. పక్కింటి వీర్రాజు మావయ్య కిరసనాయిలు స్టవ్వు తెచ్చిచ్చాడు. పాపం, ఎవర్నీ కాదనలేకపోయింది. పైగా తనవి ఆరు చీరలు, రెండు జతల చెప్పులు. అన్నీ వెనకాల కట్టేసరికి సైకిలు ముందు చక్రం గాల్లోకి లేచింది! నవ్వకు, నిజంగానే.

బుధవారం బయల్దేరింది. గోదారి దాటించే పెద్ద పడవ ఉంటుందే, పంటు, అది ఎక్కబోతుంటే సైకిలు బురదలో పడింది. సైకిలు కింద దేవమణి.

"అమ్మా, సైకిలు నువ్వెక్కావా, సైకిలే నిన్నెక్కిందా?" అన్నాడు పంటు నడిపే ఏసోబు.

దేవమణికి ఉక్రోషమొచ్చింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. స్టవ్వు తీసి ఏసోబుకే ఇచ్చేసింది. ఆ స్టవ్వు మీదే టీ కాచి పంటులో అందరికీ పోశాడు.

ఆ తర్వాత రావులపాలెం చేరేసరికి టప్ టప్ మని చక్రం చువ్వలు తెగాయి. సైకిలు షాపు ముసలాయన చక్రం చూసి, మూటలు చూసి, "వాడినవి ఒక కుప్ప పెట్టమ్మా. అసలు విప్పనివి ఇంకో కుప్ప పెట్టు" అన్నాడు.

పెట్టింది. విప్పని కుప్ప ఆవిడ మోకాలి దాకా వచ్చింది! అవన్నీ నరసాపురం వెళ్ళే లారీలో ఇంటికి పంపేసింది. అమ్మ ఆవకాయ పంపడానికి మాత్రం మనసొప్పలేదు. చిన్న డబ్బాలోకి కాస్త తీసుకుని, జాడీ షాపాయన భార్య చేతిలో పెట్టింది.

శనివారానికి కొండ దారి ఎక్కింది. అప్పుడు పట్టుకుంది బుజ్జమ్మా, వాన! రాత్రుళ్ళు కప్పుకోడానికి ఉంచుకున్న బొంత తడిసి దున్నపిల్లంత బరువైంది. తొక్కితే చక్రం కదలదు, నెడితే కాలు జారుతుంది. సుగుణ పొద్దున్నే వెళ్ళిపోతుందే అని దేవమణికి ఏడుపొచ్చేసింది. అక్క రెండు నెలలు కుట్టిన బొంత మరి, ఎలా వదులుతుంది?

అక్కడ మేకలు కాసే అవ్వ ఒకావిడ చలికి వణుకుతూ గుడిసె ముందు నిలబడి ఉంది. దేవమణి బొంతను ఒకసారి ముఖానికి ఆనించుకుంది. "అవ్వా, ఆరబెట్టుకుని కప్పుకో" అని ఇచ్చేసింది. ఎక్కింది సైకిలు. మలుపు తర్వాత మలుపు, రయ్యిమని కాదుగానీ, ఆగకుండా తొక్కింది.

దీపాలు పెట్టే వేళకి సుగుణ గుమ్మం ముందు గంట కొట్టింది. సుగుణ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. "ఏవే, కట్టుబట్టలతో వచ్చేశావా!" అని తన చీరే కట్టించింది. ఆ జాకెట్టులో ఇద్దరు దేవమణులు పడతారు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

పొద్దున్నే జీపొచ్చింది. సుగుణ పెట్టెలన్నీ ఎక్కించింది. తను మాత్రం ఎక్కలేదు. సైకిలు చుట్టూ తిరిగి, "ఈ వెనకాల ఖాళీయేగా?" అంది. చెంగు దోపుకుని ఎక్కి కూర్చుంది!

జీపు ముందు పోయింది. వీళ్ళు బ్రేకులు పట్టుకుంటూ మెల్లగా దిగారు. ఇదిగో వాగు, అదిగో వెదురుపొద, అల్లదిగో ఉడత అని దారంతా సుగుణ చూపిస్తూనే ఉంది.

కొండ కింద ఊరొచ్చింది. అక్కడ జీపు సుగుణ కోసం ఆగి ఉంది. "ఇక దిగవే" అంది దేవమణి.

"ఇంకొక్క మలుపు దాకా పోనీవే" అంది సుగుణ.

కథ కంచికి చేరింది,
కంటికి కునుకు వాలింది,
మనం ఇంట్లోనే ఉన్నాం,
మెత్తగా పడుకున్నాం.