కట్టెల దారి

రామినాయుడు మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా బదులు చెప్పరు. ముందు మెడలోని విజిల్ తీసి జేబులో వేసుకుంటారు. ఆ తర్వాత ఎక్కడిదో ఒక సంగతి మొదలవుతుంది. ఆయన సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చారు. ఇప్పుడు మా ఊరి బయట మైదానంలో, పోలీసు సెలక్షన్లకి వెళ్ళే పిల్లల్ని పరిగెత్తిస్తారు. మా అమ్మాయి రోహిణి ఆయన శిష్యురాలే.

ఆ వారం ఒకరోజు తెల్లవారుజామున అది మైదానానికి వెళ్తుంటే, బైకు మీద వచ్చిన ఇద్దరు చున్నీ పట్టుకుని లాగారు. పడిపోయింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అంతే కదా అన్నారు అందరూ. స్టేషన్లో చెప్పాం. వాళ్ళు దొరకలేదు.

ఇక రోడ్డెక్కొద్దు, ఇంట్లోకి ట్రెడ్‌మిల్ కొంటానన్నాను. సెలక్షన్ ఇంకో నెలలో ఉంది. మాస్టారికి ఆ మాట చెప్పేసి వద్దామని ఇద్దరం వెళ్ళాం.

రోహిణి తల దించుకునే అడిగింది. "మాస్టారూ, మిషన్ మీద పరిగెత్తినా పరుగే కదా?"

విజిల్ జేబులోకి వెళ్ళింది.

ఐక్యరాజ్య సమితి తరఫున, నీలం టోపీలు పెట్టుకుని, ఆయన పటాలం ఆఫ్రికా వెళ్ళిన రోజుల సంగతి. అక్కడ రెండు తెగల మధ్య యుద్ధం. ఇళ్ళు కాలిపోయినవాళ్ళు ముళ్ళకంచె వేసిన శిబిరంలో ఉండేవారు. వీళ్ళది కాపలా. పొయ్యిలోకి కట్టెలు కావాలంటే ఆడవాళ్ళు అడవికి పోవాలి, దారిలో తుపాకులు పట్టుకున్న మూకలు. అందుకని జవాన్లు వాళ్ళకి తోడు నడిచి, తీసుకెళ్ళి తీసుకొచ్చేవారు. ఎండ మాడ్చేసేది.

పై అధికారికి జాలి కలిగింది. ఆడవాళ్ళకి ఈ ప్రమాదం దేనికి, మనమే లారీలో తెచ్చి పడేద్దాం అన్నాడు. జవాన్లంతా సంబరపడ్డారు. లారీ నిండా కట్టెలు తెచ్చి గేటు దగ్గర కుప్ప పోశారు.

ఒక్కరూ పుల్ల ముట్టుకోలేదు. నిన్న మిగిలినవాటితోనే గంజి కాచుకున్నారు. సాయంత్రం న్యాబోల్ అనే పెద్దావిడ, దుబాసీని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ మాటల్ని మాస్టారు మన యాసలో చెప్పారు.

"ఈ కట్టెలు రేపటికి బూడిద. మీరు ఎప్పుడో మీ ఊరెళ్ళిపోతారు. మేం నడవడం మానేస్తే ఆ దారి వాళ్ళదైపోద్ది. పక్కన నడవండయ్యా అంటే లారీ ఎక్కుతారేం? ఎండకి కరిగిపోడానికి మీరేమన్నా వెన్నముద్దలా?"

చెప్తూ మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. మా పిల్లా నవ్వింది. ఆ వారంలో అదే మొదలు.

మర్నాటి నుంచి మళ్ళీ నడిచారు. ఆడవాళ్ళు పాడుకుంటూ ముందు, వీళ్ళు వెనక. మోపు అందుకోబోతే ఇచ్చేవారు కాదట. నీ తుపాకీ నువ్వు మోసుకో చాలు అని వెక్కిరించేవారట. ఆ మూకలవాళ్ళు దూరంగా చెట్ల కింద కూచుని చూసేవారు. వీళ్ళూ చూసేవారు. కొన్నాళ్ళకి ఆ చెట్ల కింద ఎవరూ కనపడలేదు.

"ఒక్క గుండు పేల్చలేదమ్మా. ఉద్యోగం మొత్తమ్మీద నేను కంటినిండా నిద్రపోయింది అక్కడే" అన్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది.

"అక్కడ మీరు అంతమంది ఉన్నారు మాస్టారూ. తెల్లారకుండా నా పిల్ల పక్కన నడవడానికి ఇక్కడెవరున్నారు?"

ఆయన నా కాళ్ళ వైపు చూశారు.

"రేపు ఈ చెప్పులతో రాకండమ్మా" అన్నారు. "దారంతా కంకర."