ఉప్పంటని నక్క

గ్రీసు దేశపు సముద్రంలో ఒక రాతి దీవి ఉంది. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. దాని పడమటి కొసన కొండ రెండుగా చీలింది. ఆ చీలికలోకి సముద్రం దూరి చిన్న మడుగు కట్టింది. మూడు వైపులా రాళ్ళు, అడుగున తెల్లటి గులకలు. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే, పైన మనిషి ఈదుతుంటే అడుగున వాడి నీడ వేరే ఈత ఈదుతుంది. దాన్ని నీలిమడుగు అనేవారు. రేవు నుంచి అక్కడికి బండి దారి లేదు. మెట్లదారిన కొండ నెత్తికెక్కి, అక్కణ్ణించి రాళ్ళు పట్టుకుని దిగాలి. అంత కష్టపడి దిగినవాళ్ళకి సాయంత్రం దాకా పైకి రావాలనిపించేది కాదు.

వేసవిలో ఈతకి వచ్చే పరదేశుల గొడుగులూ బుట్టలూ నీళ్ళ డబ్బాలూ కొండ నెత్తి దాకా మోసే పని మరిగో అనే ముసలి గాడిదది. దాని యజమాని స్తమాతిస్ అంతగా మాట్లాడే మనిషి కాదు. సామాను దించి, మరిగోను అంజూరపు చెట్టుకి కట్టేసి, టోపీ మొహం మీద పెట్టుకుని గోడ నీడన పడుకునేవాడు.

చెట్టు కింద నుంచి చూస్తే రెండు రాళ్ళ సందులో మడుగు ముక్క కనిపించేది. చేటంత నీలం, అంతే. మరిగో వయసంతా ఆ చేటంత నీలం చూడటంలోనే గడిచిపోయింది. ఎండకి జీను కింద వీపు మండుతూ ఉండేది, ఈగలు కళ్ళ మీద వాలేవి. కింద ఎవరో నీళ్ళలోకి దూకిన చప్పుడు, వెంటనే నవ్వులు. సాయంత్రం వాళ్ళు పైకొచ్చి తడి తువ్వాళ్ళు దాని వీపు మీద పరిచేవారు. అందులోంచి ఒక చుక్క పక్కటెముకల మీదుగా చల్లగా జారేది. ఆ చుక్క పొట్ట దాకా వెళ్ళి కింద పడేవరకు మరిగో అడుగు తీసి అడుగు వేసేది కాదు.

"మొండి ఘటం," అనేవారు జనం. ఆ చుక్క కోసం ఆగిందని వాళ్ళకేం తెలుసు? తువ్వాలు అంచు నోటికందితే నాకి, ఆ ఉప్పదనం రేవు దాకా నాలుక మీదే దాచుకునేది.

ఆ కొండ మీద ఒక నక్క ఉండేది. మధ్యాహ్నం స్తమాతిస్ గురక మొదలవగానే అది హాజరు. మరిగో మెడలో సంచిలో ఎండిన బార్లీ రొట్టె ఉంటుందని దానికి బాగా తెలుసు.

"అక్కా, నీలిమడుగు నుంచే వస్తున్నా," అనేది మీసాలు దువ్వుకుంటూ.

"ఎలా ఉంది తమ్ముడూ ఇవాళ?"

"ఏం చెప్పమంటావక్కా. అడుగున చేపలు పెళ్ళి ఊరేగింపు తీశాయి. పీతలు పల్లకీ మోశాయి. నీళ్ళంటావా, ఒక మునక వేస్తే ఒంట్లో ముసలితనం సగం అక్కడే దిగిపోతుంది."

మరిగో కళ్ళు మూసుకునేది. "నన్నొక్కసారి తీసుకెళ్ళకూడదూ?"

"అమ్మో, నీకెందుకొచ్చిన గొడవ. అక్కడో ఆక్టోపస్ కాపురముంది. నాలుగు కాళ్ళవాళ్ళంటే దానికి మహా ప్రీతి. ఒక్కో కాలికి రెండేసి చేతులు సరిగ్గా సరిపోతాయని. నేనంటే చిన్నప్పటి నుంచి ఎరిగినవాణ్ణి కాబట్టి ఊరుకుంటుంది. ఆ రొట్టె నువ్వు తినేట్టు లేవే?"

మరిగో మెడ వంచి రొట్టె ఇచ్చేది. నక్క తిని పొద చాటుకి పోయి, మర్నాటికి ఇంకో కథ అల్లుకుంటూ నిద్రపోయేది. మరిగో ఖాళీ పొట్టతో, నిండిన మనసుతో రేవుకి దిగేది. వేసవి తరవాత వేసవి ఈ బేరం ఇలాగే సాగింది.

నిజం చెప్పేవాళ్ళు లేక కాదు. ఒక ముసలి మేక రోజూ ఆ రాళ్ళ మీదుగా మడుగు దాకా దిగి వచ్చేది. మరిగో దాన్నీ ఒకసారి అడిగింది.

"అత్తా, మడుగు ఎలా ఉంటుంది?"

"చల్లగా ఉంటుంది," అంది మేక ఆకు నములుతూ.

"ఇంకా?"

"ఇంకేముంటుంది? నీళ్ళు."

అంత పొడి మాటతో మరిగోకి ఆకలి తీరలేదు. కోరిక ముదిరినవాళ్ళకి అలంకారం లేని నిజం చప్పగా ఉంటుంది మరి. మళ్ళీ మేకను అడగలేదు.

ఒక వేసవి చివర్లో ఆ మేకే వార్త మోసుకొచ్చింది. "విన్నావా? కొండ వెనక రోడ్డు తవ్వుతున్నారు. వచ్చే ఏడు జీపు ఇక్కడిదాకా వస్తుంది. నిన్ను స్తమాతిస్ తమ్ముడింటికి పంపేస్తారట, లోయలోకి. మంచి మేత ఉందిలే అక్కడ."

"అక్కణ్ణించి సముద్రం కనిపిస్తుందా?"

"ఎక్కడిది? చుట్టూ కొండలే."

మరిగో ఆ రోజు ఏమీ తినలేదు. రాళ్ళ సందులో చేటంత నీలం అలాగే మెరుస్తోంది. ఇక అది కూడా ఉండదు. ఇన్నేళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు దిగుతానులే అనుకుంది. అలా అనుకుంటూనే వయసైపోయింది.

మధ్యాహ్నం నక్క వచ్చింది. "ఇవాళ మూడు మునకలేశానక్కా. ఇంకా చెవుల్లో నీళ్ళే."

మరిగో బాధ ఆపుకోలేక తల వాల్చి దాని భుజం నాకింది. ఆప్యాయంగానే నాకింది. నాలుకకి దుమ్ము తగిలింది. కొండ మీద ఎండిన తులసి జాతి మొక్కల వాసన తగిలింది. ఉప్పు మాత్రం ఎక్కడా లేదు.

సరిగ్గా అప్పుడే మేక పైకొచ్చి, వెళుతూ వెళుతూ మరిగో పక్కకి ఒళ్ళు రుద్దుకుంది. మరిగో దాన్నీ నాకింది. నోరంతా సముద్రం.

గాడిద బుర్ర నిదానంగా కదులుతుందేమో గానీ, కదిలిందంటే మళ్ళీ వెనక్కి రాదు. తినకుండా పెట్టిన రొట్టెలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి మరిగోకి. కోపం వచ్చింది. అయినా నక్క మీద అరవలేదు. అరిస్తే అది పారిపోతుంది, మెడకి తాడు మాత్రం అలాగే ఉంటుంది.

"తమ్ముడూ, రేపటితో ఈ ఏటి పని ఆఖరు," అంది.

నక్క చెవులు నిక్కాయి. ఆఖరి రోజున గాడిద జీనుకి ఒక కానుక సంచి కట్టడం ఆ దీవి ఆచారం. అందులో రొట్టె, ఎండు అంజూరాలు, మనిషి పిడికిలంత గట్టి చీజు గడ్డ ఉంటాయి. ఏడాదంతా మోసినందుకు మర్యాద అన్నమాట.

"రేపు నా తాడు కొరికి, మడుగు దారి చూపించు. చీజు గడ్డ మొత్తం నీకే," అంది మరిగో.

నక్క నోట్లో నీళ్ళూరాయి. అయితే దానికి నీళ్ళంటే వణుకు, మడుగు మొహం ఎన్నడూ చూడలేదు. మనసులో లెక్క వేసుకుంది: 'అంచు దాకా తీసుకెళ్ళి ఆ లోతు చూపిస్తే చాలు. మోకాళ్ళు వణికి తనే వెనక్కి తిరుగుతుంది. చీజు నాకు దక్కుతుంది.'

"నీ కోసం ఆ మాత్రం చెయ్యనా అక్కా," అంది.

మర్నాడు స్తమాతిస్ సంచి కట్టి, మరిగో మెడ మీద ఒకసారి తట్టి, వెళ్ళి పడుకున్నాడు. గురక మొదలైంది. నక్క కష్టపడి తాడు కొరికి తెంపింది. ఇద్దరూ కొండ అంచుకి వచ్చారు. మనుషులు దిగే చోటది. నిలువు రాయి, చేతులతో పట్టుకోవడానికి గంట్లు, కింద ఎక్కడో నీలం.

"ఇదే దారి. ఇదొక్కటే," అంది నక్క విచారంగా మొహం పెట్టి. "నేనైతే రెండు గెంతుల్లో దిగుతాను. నీ వల్ల కాదేమో అక్కా. పోనీలే, ఇంత దూరం వచ్చి చూశావు కదా. ఆ సంచి ఇలా వంచు, చీజు ఇక్కడే తినేస్తాను."

మరిగో కిందికి చూసింది. మోకాళ్ళు నిజంగానే వణికాయి. అయితే ఆ రాయి పక్కనే, విరిగిన రాళ్ళతో వెడల్పాటి వాలు ఒకటి ఉంది. సూటిగా దిగితే ఎవరైనా దొర్లిపోవలసిందే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ దీవి గాడిదలు బరువుతో మెట్లదారి ఎప్పుడూ సూటిగా దిగవు. ఎడమ గోడ నుంచి కుడి గోడకి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి వంకరగా, తాగినవాడిలా దిగుతాయి. కొత్తవాళ్ళు చూసి నవ్వుతారు. అలా దిగబట్టే వీపు మీద సామానూ కింద కాళ్ళూ క్షేమంగా రేవు చేరతాయి.

మరిగో వాలు మీదికి అడ్డంగా అడుగు వేసింది.

"అటు దారి లేదక్కా," అని కేకేసింది నక్క.

"దారి నా కాళ్ళకి తెలుసు తమ్ముడూ. బుట్టలూ డబ్బాలూ మోస్తూ దిగినదాన్ని, సంచి ఒక్కటీ నాకు బరువా?"

"మరి నా చీజు?"

"మడుగు దగ్గర ఇస్తాను. రోజూ వెళ్ళే చోటేగా నీకు."

నక్కకి గొంతులో వెలక్కాయ పడినట్టయింది. వెళదామంటే భయం, వదులుకుందామంటే ఆశ. చీజు వాసన అటూ ఇటూ ఊగుతూ దిగిపోతోంది. చివరికి ఆశే గెలిచింది. గాడిదలా వంకరగా నడవడం నామోషీ అనుకుని, చూపు సంచి మీదే ఉంచి సూటిగా గెంతింది. మొదటి గెంతు బాగానే పడింది. రెండో గెంతుకి కాలి కింద రాయి కదిలింది. నక్క, రాయి, దుమ్ము అన్నీ కలిసి దొర్లుకుంటూ వెళ్ళి మరిగో కంటే ముందే మడుగులో పడ్డాయి.

మరిగో నెమ్మదిగా చివరి మలుపు తిరిగింది. ఈదుతున్న మనుషులు నవ్వుతూ పక్కకి జరిగి చోటిచ్చారు. నక్క దగ్గుతూ, ఉమ్ముతూ ఒక రాయి మీదికి పాకి, తోక ముడుచుకుని వణుకుతోంది.

"తమ్ముడూ, ఆక్టోపస్ ఏదీ?" అంది మరిగో.

"ఊళ్ళో లేనట్టుంది," అంది నక్క పళ్ళు టకటకలాడిస్తూ.

మరిగో దాని భుజాన్ని ఒకసారి నాకింది. "ఇప్పుడు ఉప్పగా ఉన్నావు," అంది.

తరవాత నీళ్ళలోకి నడిచింది. గిట్టలు, మోకాళ్ళు, పొట్ట. చేపల పెళ్ళి లేదు, పల్లకీ లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇంకాస్త ముందుకి వెళితే నీళ్ళు జీను కిందికి చేరి మరిగోను కాస్త పైకి లేపాయి. పుట్టిన దగ్గర్నుంచి అందరి బరువూ మోసిన ఒంటిని మొదటిసారి ఇంకెవరో మోశారు. మరిగో కదలకుండా నిలబడింది. దాని కళ్ళలోంచి నీళ్ళు కారాయి, అవీ ఉప్పగానే ఉన్నాయి.

కాసేపటికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. మెడ తిప్పి, సంచి ముడి పళ్ళతో లాగింది. రొట్టె, అంజూరాలు తేలాయి. చీజు గడ్డ మెల్లగా మునిగి తెల్లటి గులకల మీద కూర్చుంది. ఆ తేట నీటిలో కాలు చాపితే అందేట్టు కనిపిస్తోంది.

"తీసుకో తమ్ముడూ. మునకలు వెయ్యడం నీకు కొత్తా ఏమిటి?"

నక్క కాలు చాపింది. నీళ్ళు తగలగానే వెనక్కి లాక్కుంది. మళ్ళీ చాపింది, మళ్ళీ లాక్కుంది.

పైన స్తమాతిస్ లేచి, తెగిన తాడు చూసి, అంచుకి వచ్చి కిందికి చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, మరిగో తనంతట తాను పైకొచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ సాయంత్రం దాని పక్కటెముకల మీదుగా ఒక్క చుక్క కాదు, మడుగే జారింది.

చలికాలం మరిగో ఉన్న లోయలోకే మేకను కూడా మేతకి తోలారు. అక్కడి గాడిద పిల్లలు మరిగో చుట్టూ మూగి ఉన్నాయి.

"అవ్వా, మడుగు ఎలా ఉంటుంది?"

"చల్లగా ఉంటుంది," అంది మరిగో. "అందులో నిలబడితే బరువుండదు."

"అంతేనా?"

"అంతే. కాళ్ళు గట్టిపడ్డాక వెళ్ళి చూడండి. వంకరగా దిగండి."

మేక తల ఊపి, ఆకు నములుతూ అంది: "నక్క ఇప్పుడు రోజూ ఆ రాయి మీదే కూర్చుంటోంది. చీజును చేపలు ఏనాడో తినేశాయి. అయినా నీళ్ళలోకి చూస్తూనే ఉంది. దారిన పోయే తాబేలుని ఆపి, 'దిగి చూసొచ్చి కాస్త చెప్పవూ' అని బతిమాలుతోంది. తాబేలు రొట్టె అడుగుతోందట."

నీతి: మనసైన చోటికి మన కాళ్ళతోనే వెళ్ళాలి, కథలు చెప్పేవాడికి రొట్టె పెడుతూ కూర్చుంటే వాడి పొట్టే నిండుతుంది.