గూడబాతు కాళ్ళు

పెంచలయ్యలో ఒక మంచి గుణం ఉంది. తన బొమ్మను ఎవరైనా మెచ్చుకుంటే కాదనడు. ఎదుటివాళ్ళ మాట కొట్టిపారెయ్యడం మర్యాద కాదని అతని అభిప్రాయం. ఎవరూ మెచ్చుకోకపోతే, పాపం మొహమాటపడుతున్నారేమోనని తనే మొదలుపెట్టి దారి చూపిస్తాడు.

ఇరవై ఏళ్ళపాటు నాయుడుపేటలో షాపుల బోర్డులు రాశాడు, లారీల వెనక నెమళ్ళు వేశాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదని గర్వంగా చెప్పుకునేవాడు. ఆ నెమళ్ళను చూసినవాళ్ళకు చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక, నేలపట్టు చెరువు పక్కనుండే మస్తాన్ సాయిబు దగ్గర శిష్యుడిగా చేరాడు.

సాయిబు నీటిరంగులతో పక్షుల్ని వేస్తాడు. డెబ్బై దాటిన మనిషి. ఒక రంగుల డబ్బా, రెండు కుంచెలు, చెంబుడు నీళ్ళు, అదే ఆయన సరంజామా. అరుగు మీద కూర్చుంటే ఎదురుగా చెరువు, చెరువు నిండా ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు.

పెంచలయ్య కష్టం ఒక్కటే. ఆయిల్ పెయింటుతో తప్పు పడితే పైన ఇంకో కోటింగ్ వేసేవాడు. చేతికి ఆ అలవాటు పోలేదు. నీటిరంగు మీద రెండోసారి కుంచె పెడితే బురదవుతుంది, మూడోసారికి కాగితం పొరలు లేస్తుంది. పొద్దున కొంగలా మొదలైనది సాయంత్రానికి వానలో తడిసిన కోడి అయి కూర్చునేది.

"ఎట్టుంది సాయిబూ?"

సాయిబు కళ్ళజోడు సర్దుకుని చూసేవాడు. "బాగుండాది. పాపం, ఎప్పుడు పోయింది?"

గురువు మీద శిష్యుడికీ ఒక ఫిర్యాదు ఉండేది. సాయిబు భార్య ఖాదర్‌బీ వచ్చి టీ గ్లాసు అరుగు మీద పెట్టిందంటే చాలు, ఆయన కుంచె కింద పెట్టేస్తాడు. రెక్క సగంలో ఉన్నా సరే, తోక మొదలే పెట్టకపోయినా సరే. టీ తాగాక ఆ కాగితం ముట్టనే ముట్టడు. గ్లాసుడు టీ కోసం కొంగ తోక వదిలేసే మనిషి ఏం గురువని పెంచలయ్య లోలోపల అనుకునేవాడు. తనైతే టీ చల్లారి మీగడ కట్టినా కుంచె దించడు.

ఆ ఏడు సూళ్ళూరుపేటలో పక్షుల పండగకి బొమ్మల ప్రదర్శన పెట్టారు. సాయిబును అడగడానికి వస్తే ఆయన, "నా బొమ్మలు చూసినవే చూస్తారెందుకు, ఈసారి మా పెంచలయ్యది పెట్టండి" అని మాటిచ్చేశాడు. బొమ్మ ఇవ్వాల్సిన రోజు వచ్చింది. సాయంత్రం ఐదింటికి దాన్ని తీసుకుపోవడానికి జీపు వస్తుంది. ఉన్నవి నాలుగు మందపాటి కాగితాలు. మధ్యాహ్నానికి మూడు పోయాయి. మూడోదాంట్లో గూడబాతు, బియ్యం బస్తా మోస్తున్న హమాలీలా తయారైంది.

నాలుగో కాగితాన్ని పెంచలయ్య రెండుసార్లు తిరగేసి చూసుకున్నాడు.

"ఇది కూడా పోతే నీ మాట పోతాది సాయిబూ."

"నా మాట సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు పక్షిని చూడు."

చూశాడు. ఒక గూడబాతు నీళ్ళ మీద ఊరికే తేలుతూ పోతోంది. భయంలో చెయ్యి త్వరగా కదిలింది. ఒంటికి కాగితం తెలుపే వదిలేశాడు, వీపు మీద ఒక్క బూడిదరంగు గీటు పెట్టాడు, ముక్కు దించాడు, కింద నీలం పరిచాడు. తడి ఆరకముందే పక్షి నీడ దానంతటదే నీళ్ళలోకి జారి కలిసిపోయింది.

బాగా వచ్చింది. బాగా వచ్చిందని పెంచలయ్యకు కూడా తెలిసింది. చిక్కంతా అక్కడే. ఇంకొంచెం బాగు చేద్దామని వేళ్ళు దురద పెట్టాయి.

"ఇంకేంది?" అన్నాడు సాయిబు.

"కాళ్ళు. బాతుకు మూడు వేళ్ళకే తోలు కలిసుంటాది సాయిబూ. గూడబాతుకు నాలుగింటికీ. నేను దగ్గరికి పోయి చూసినా."

"ఆ సంగతి గూడబాతుకు తెలుసులే."

పెంచలయ్య వినిపించుకోలేదు. కుంచెలో నీలం కడుక్కుందామని చూపు తిప్పకుండా చెయ్యి చాపాడు. చెంబు లేదు. తలెత్తి చూస్తే సాయిబు వాకిట్లో నిలబడి మిరపమొక్క మొదట్లో నీళ్ళు వంపుతున్నాడు, చివరి చుక్కదాకా.

"సాయిబూ, నీళ్ళు!"

"మొక్క ఎండిపోతా ఉండాది."

"నా బొమ్మ సగంలో ఉండాది! కాళ్ళు లేని పక్షిని పంపితే నలుగురూ నవ్వరా?"

సాయిబు ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని నింపాదిగా అరుగు మీద కూర్చున్నాడు. "చెరువులో చూడు. నీళ్ళ మీదున్న వాటిల్లో ఒక్కదానికి కాళ్ళు కనబడినా చెప్పు, చెంబుడు నీళ్ళు నేనే తెచ్చిస్తా."

పెంచలయ్య పట్టుదలగా వెతికాడు. ఒక్కటైనా గట్టెక్కకపోతుందా అని సిగ్గు విడిచి ఎదురుచూశాడు. ఒక్కటీ ఎక్కలేదు. ఈలోగా కాగితం ఆరిపోయింది. జీపు వచ్చింది.

ప్రదర్శనలో ఒకామె ఆ బొమ్మ ముందు ఆగి, పక్కామె భుజం తట్టి, "చూడు మే, తేలతా పోతా ఉండాది" అంది. వెనకే నిలబడ్డ పెంచలయ్య, అది తను వేసిందేనని చెప్పడం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మరిచిపోయాడు.

మర్నాడు గురువు పక్కన కూర్చుని అడిగాడు. "ఎక్కడ ఆపాలో నీకెట్టా తెలుస్తాది సాయిబూ?"

సాయిబు కాగితం మీద ఒక కొంగ, తోక ఇంకా సగమే పడింది. ఆయన గడ్డంతో వెనక వంటింటి కిటికీ వైపు చూపించాడు.

కిటికీలో ఖాదర్‌బీ. కాగిన టీ గిన్నె ఒక చేతిలో, జల్లెడ ఇంకో చేతిలో. సాయిబు భుజం మీదుగా కొంగను కాసేపు చూసింది. తల ఊపింది. అప్పుడు గ్లాసులోకి టీ వడకట్టింది.

"నాకెప్పుడు తెలిసింది గనక?" అని సాయిబు కుంచె కింద పెట్టాడు.

ఎక్కడ ఆపాలో పెంచలయ్యకు ఇప్పటికీ తెలియదు. అందుకే చెంబు తన పక్కన పెట్టుకోడు. సాయిబు చేతికి అందేచోట పెట్టి బొమ్మ మొదలుపెడతాడు.